డగ్లస్ ఆత్మకథలో పారిపోయిన ఘట్టమే లేదు, నా పుస్తకంలో పేజీలు పోయాయా?

లాస్ట్‌బెంచ్ సిరి

అందరికీ నమస్తే. ఎంఏ ఇంగ్లిష్ రెండో సెమిస్టర్ చదువుతున్నా. అమెరికన్ లిటరేచర్ పేపర్లో ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ ఉంది, అమెరికాలో బానిసగా పుట్టి పారిపోయి బయటపడ్డ నల్లజాతి మనిషి ఈయన, పుస్తకం 1845లో వచ్చింది. చిన్న పుస్తకమే, పదకొండు చాప్టర్లు, వెనక మతం గురించి ఒక అనుబంధం. వచ్చే గురువారం దీనిమీద నేను సెమినార్ ఇవ్వాలి, టాపిక్ 'బానిసత్వం నుంచి స్వేచ్ఛ దాకా'. డిగ్రీ వరకు తెలుగు మీడియం కాబట్టి పేజీకి నాలుగుసార్లు డిక్షనరీ తీస్తూ రెండు రాత్రులు కూర్చుని పూర్తి చేశా.

చివర్లో పారిపోవడం ఉంటుంది కదా, అర్ధరాత్రి, అడవి, వెనక వేటకుక్కలు, నది దాటడం, ఆ సీను చుట్టూ సెమినార్ అల్లేద్దాం అనుకున్నా. తీరా పదకొండో చాప్టర్‌కి వస్తే పెద్దమనిషి 1838 సెప్టెంబర్ 3న సంకెళ్ళు వదిలించుకున్నాను, ఏ ఆటంకం లేకుండా న్యూయార్క్ చేరాను అని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. ఏ దారిన వెళ్ళాడు, దేంట్లో వెళ్ళాడు, ఎవరు సాయం చేశారు, ఏమీ లేదు. పైగా చెప్పను అని చెప్పి మరీ దాటేశాడు! పీడీఎఫ్‌లో పేజీలు పోయాయేమో అని ఇంకోటి డౌన్‌లోడ్ చేశా, అదీ అంతే.

మరి అక్షరాలు నేర్చుకోవడం గురించీ రొట్టె ముక్కల గురించీ అంత వివరంగా రాసినాయన అసలు ఘట్టం దగ్గర నోరెందుకు కట్టేసుకున్నాడు? ఈ ఖాళీ పెట్టుకుని నలభై నిమిషాలు ఏం మాట్లాడను? మా క్లాసులో ఒకతను 'బానిసల ఆత్మకథలన్నీ ఒకే మూస, ఎక్కడైనా సమ్మరీ చూసి చెప్పేయ్' అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, చదివినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

అట్టచిరిగిన పుస్తకం

పేజీలు పోలేదమ్మా, ఉన్నదే అంత. పుస్తకం అచ్చయ్యే నాటికి ఆయన పరిస్థితి ఏమిటో ఒకసారి ఊహించుకో. 1845లో డగ్లస్ బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రం మాసచూసెట్స్‌లో ఉపన్యాసాలిస్తూ, పెళ్ళాం పిల్లలతో కాపురం చేసుకుంటున్నాడు, కానీ చట్టం దృష్టిలో ఇంకా బానిసత్వం ఉన్న మేరీల్యాండ్ రాష్ట్రంలో ఆల్డ్ అనే కుటుంబం సొత్తే. పారిపోయిన బానిసను ఏ రాష్ట్రంలో దొరికినా పట్టి వెనక్కి అప్పగించాలని 1793 నుంచే చట్టం ఉంది. అలాంటివాడు అసలు పేరు, యజమాని పేరు, ఊరి పేరు అన్నీ పెట్టి పుస్తకం వేశాడు! వేసిన కొద్ది నెలలకే ఓడెక్కి ఐర్లాండ్, ఇంగ్లండ్ వెళ్ళిపోవాల్సి వచ్చింది. అక్కడి స్నేహితులు చందాలు పోగుచేసి 150 పౌండ్లు కట్టి 1846 చివర్లో విడుదల కాగితం రాయించారు, అప్పుడుగానీ ధైర్యంగా తిరిగి రాలేదు.

ఇక నీ ప్రశ్న. పదకొండో చాప్టర్ మొదటి రెండు మూడు పేజీలు మళ్ళీ చదువు. చెబితే రెండు నష్టాలు అంటాడు, సాయం చేసినవాళ్ళు ఇరుక్కుంటారు, తర్వాత పారిపోదామనుకునే వాళ్ళకి ఆ దారి మూతపడుతుంది. పారిపోవడానికి సాయపడే రహస్య ఏర్పాటును 'అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్' అనేవాళ్ళు కదా, దాని గురించి బహిరంగంగా గొప్పలు చెప్పుకునే ఉత్తరాది మిత్రుల మీద విసుక్కుంటాడు, మీరు దాన్ని 'అప్పర్‌గ్రౌండ్' చేసేశారు అని. మిత్రులే, మంచి ఉద్దేశంతోనే, అయినా చురక వేశాడు. యజమాని చీకట్లో తడుముకుంటూ ఉండాలట, బానిస ఏ మూలనుంచి ఎలా జారిపోయాడో అంతుపట్టకూడదట.

ఎలా వెళ్ళాడో 1881లో, తన మూడో ఆత్మకథలో చెప్పాడు, అప్పటికి బానిసత్వం రద్దయి పదహారేళ్ళు. నువ్వనుకున్న అడవీ లేదు, కుక్కలూ లేవు, పట్టపగలు రైల్లో వెళ్ళాడు. ఎర్ర చొక్కా, నెత్తిన నావికుల టోపీ, మెడకి నల్ల రుమాలు కట్టి నావికుడి వేషం వేశాడు. ఒక నావికుడి దగ్గర గుర్తింపు కాగితం అరువు తెచ్చుకున్నాడు, దానిమీద అమెరికా చిహ్నమైన పెద్ద గద్ద ముద్ర, అయితే అందులో రాసిన ఆనవాళ్ళు ఇతనివి కావు, ఆ మనిషి ఇతనికన్నా బాగా నల్లనివాడు. అందుకే స్టేషన్లో టికెట్టు కొంటే కాగితం తిరగేసి చూస్తారని రైలు కదిలాక ఎక్కాడు. కండక్టర్ గద్ద ముద్ర చూసి సరే అని డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. అదే రైల్లో ఇతనికి బాగా తెలిసిన జర్మన్ కమ్మరి ఒకడు తేరిపార చూశాడట, గుర్తుపట్టాడనే డగ్లస్ నమ్మకం, కానీ బయటపెట్టలేదు. సస్క్వెహానా నది పడవ మీద, విల్మింగ్టన్ నుంచి ఫిలడెల్ఫియాకి స్టీమర్, మళ్ళీ రైలు. ఇరవై నాలుగ్గంటలు పట్టలేదు. ఇప్పుడు చెప్పు, ఇది 1845లోనే అచ్చేస్తే ఆ మర్నాటినుంచి నల్లజాతి నావికుల కాగితాలు ఎంత నిక్కచ్చిగా చూసేవాళ్ళో!

ఏడోతరగతి ఇంగ్లిష్ సారు

పై వ్యాఖ్యకి నా వంతు. సిరి గారూ, మౌనం పదకొండో చాప్టర్లో మొదలవలేదు, ఏడో చాప్టర్లోనే ఉంది, అక్షరాల గొడవలో పడి మీరు దాటేసినట్టున్నారు.

మేరీల్యాండ్‌లోని బాల్టిమోర్‌లో యజమానురాలు సోఫియా ఆల్డ్ ముందు ఏబీసీలు చెప్పింది, చిన్న చిన్న మాటలు కూడబలుక్కునే దాకా వచ్చాక భర్త హ్యూ చూసి, వీడికి చదువొస్తే మన చేతుల్లో ఉండడు, పాడైపోతాడు అని ఆపించాడు. పిల్లాడు ఆ మాట విన్నాడు. ఇన్నాళ్ళూ అర్థంకాని గుట్టు అప్పుడు విడింది, ఈయన దేనికి భయపడుతున్నాడో నాకు కావలసింది అదే అని. భార్య మంచితనం ఎంత నేర్పిందో భర్త కోపం అంతే నేర్పింది అని రెండిటికీ రుణపడి ఉన్నట్టు రాస్తాడు, ఆ వ్యంగ్యం క్లాసులో చదివి వినిపించండి.

తర్వాత వీధిపిల్లలే గురువులు. బయటి పనికి పంపినప్పుడు జేబులో రొట్టె పెట్టుకుని వెళ్ళేవాడు, ఇంట్లో రొట్టెకి లోటు లేదు, ఆ వీధిలో తెల్లపిల్లలు చాలామంది ఆకలితో ఉండేవాళ్ళు. రొట్టె ఇచ్చి పాఠం పుచ్చుకోవడం. ఇక్కడ ఆగండి. ఆ పిల్లల పేర్లు చెప్పాలని ఉంది, చెప్పను, నాకేం కాదు గానీ వాళ్ళకి ఇబ్బంది, ఈ క్రైస్తవ దేశంలో బానిసకి చదువు చెప్పడం క్షమించరాని నేరం అంటాడు. ఫలానా ఓడల షెడ్డుకి దగ్గర్లో, ఫిల్‌పాట్ వీధిలో ఉండేవాళ్ళు అని మాత్రం అంటాడు. పదో చాప్టర్లో ఆదివారం బడి నడిపిన చోటా అంతే, నలభై మందికి పైగా వచ్చేవాళ్ళట, ఇల్లిచ్చిన, బానిస కాని నల్లజాతి మనిషి పేరు మాత్రం రాయడు.

రాయడం ఎలా నేర్చాడన్నది నేను ఏటా మా పిల్లలకి చెప్పే కథ. ఓడలు కట్టే చోట వడ్రంగులు చెక్క చెక్కి సిద్ధం చేశాక అది ఓడలో ఏ వైపు పోతుందో దానిమీద రాసేవాళ్ళు. ఎడమ వైపుకైతే ఎల్, కుడికి ఎస్, ముందు భాగానికి ఎఫ్, వెనక్కి ఏ. ఆ నాలుగు అక్షరాలు చూసి చూసి దించాడు. ఆపైన రాయడం వచ్చిన ఏ పిల్లాడు కనబడినా, నీకన్నా నేను బాగా రాస్తా అని రెచ్చగొట్టేవాడు, ఏదీ రాయి చూద్దాం అంటే ఆ నాలుగూ రాసి, దీన్ని కొట్టు చూద్దాం అనేవాడు. వాడు పౌరుషంతో ఇంకో నాలుగు రాస్తే అవి ఇతనికి ఫ్రీ! చెక్క కంచె, ఇటుక గోడ, నేల, సుద్దముక్క, అదే బడి. చివరికి యజమాని కొడుకు వాడేసిన కాపీరైటింగ్ పుస్తకంలో మిగిలిన ఖాళీల్లో వాడి చేతిరాతని అనుకరిస్తూ రాసేవాడు. మా బళ్ళో నాలుగు గీతల కాపీలు ఊరికే పంచినా రాయరు, అది వేరే ఏడుపు.

ఇంకో సంగతి. చదువు వల్ల విముక్తి అని పోస్టర్ మాటలా చెప్పేయకండి. చదువొచ్చాక నరకం మొదలైంది అంటాడు, తన స్థితి కనబడింది గానీ బయటపడే నిచ్చెన కనబడలేదు. ఏమీ తెలియని తోటి బానిసల్ని చూసి అసూయపడ్డాడు. 'అబాలిషన్' (రద్దు, అంటే బానిసత్వం రద్దు) అనే మాట ఎక్కడో వింటే డిక్షనరీ తీశాడు, 'అబాలిష్ చేయుట' అని ఉంది. దేన్ని అబాలిష్ చేయుట? అది లేదు. డిక్షనరీతో మీరు పడ్డ తిప్పలు ఆయనకీ ఉన్నాయి, సెమినార్లో ఈ ముక్క చెబితే వెనక బెంచీలు కూడా నవ్వుతాయి.

గోదారి గట్టు

అందరూ చదువు చదువు అంటారు, నా ఓటు కొట్లాటకే. ఎడ్వర్డ్ కోవీతో జరిగినది.

కోవీ అంటే పొగరున్న బానిసల్ని లొంగదీయడంలో పేరు మోసినవాడు, యజమానులు ఏడాదిపాటు వాడి దగ్గర వదిలి 'సరిచేయించుకునేవాళ్ళు'. డగ్లస్‌కి అప్పటికి పదహారేళ్ళు ఉంటాయి. మొదటి ఆరు నెలలు కొరడా దెబ్బ తినని వారం లేదు, నేను విరిగిపోయాను, చదవాలన్న కోరిక కూడా పోయింది అని రాస్తాడు (సారూ, మీ చదువు ఇక్కడ ఏం కాపాడింది?). ఆగస్టు ఎండలో గోధుమలు తూర్పారబడుతుంటే కళ్ళు తిరిగి పడిపోయాడు. కోవీ వచ్చి తన్నాడు, లేవలేకపోతే చెక్కతో తలమీద కొట్టాడు. రక్తం కారుతూ ఏడు మైళ్ళు నడిచి యజమాని థామస్ ఆల్డ్ (హ్యూకి అన్న) దగ్గరికి పోతే ఆయన మళ్ళీ వెనక్కే పంపాడు. దారిలో శాండీ అనే తోటి బానిస ఒక వేరు ఇచ్చి, కుడివైపు పెట్టుకో, ఏ తెల్లవాడూ కొట్టలేడు అన్నాడు. తాయెత్తు అన్నమాట. నమ్మకం లేకపోయినా పెట్టుకున్నాడు. ఆదివారం కోవీ చర్చికి పోతూ మర్యాదగా పలకరించాడు, సోమవారం తెల్లవారకముందే కొట్టంలో తాడు పట్టుకుని కాళ్ళమీదకి వచ్చాడు. అప్పుడు డగ్లస్ తిరగబడ్డాడు, దాదాపు రెండు గంటలు. ఆ తర్వాత మిగిలిన ఆరు నెలల్లో కోవీ వేలు వేయలేదు.

దీనికి ముందు ఆయన రాసిన వాక్యం తెలుగులోనూ అదే బరువుతో వస్తుంది: మనిషి బానిస ఎలా అయ్యాడో చూశారు, ఇక బానిస మనిషి ఎలా అయ్యాడో చూస్తారు. మాటలు అటూ ఇటూ మారాయి, అంతే.

మీ మౌనం చర్చకి నాదొకటి. తెల్లవాడి మీద చెయ్యెత్తిన బానిసని బహిరంగంగా కొరడాలతో కొట్టించే అవకాశం ఉన్నా కోవీ ఎందుకు ఫిర్యాదు చేయలేదు? పదహారేళ్ళ కుర్రాడు నన్ను ఆపాడు అని చెప్పుకుంటే గిరాకీ పోతుంది, అందుకు. వాడిదీ మౌనమే, పరువు కోసం.

అట్టచిరిగిన పుస్తకం గారూ, ఒక చిన్న అభ్యంతరం. సాయం చేసినవాళ్ళ పేర్లు దాచాడు అంటున్నారు, మరి న్యూయార్క్‌లో ఆశ్రయమిచ్చిన డేవిడ్ రగిల్స్ పేరు, మాసచూసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో 'డగ్లస్' అని పేరు పెట్టిన నేథన్ జాన్సన్ పేరు శుభ్రంగా ఉన్నాయిగా?

అట్టచిరిగిన పుస్తకం

మంచి పట్టు పట్టారు. రగిల్స్ న్యూయార్క్‌లో బాహాటంగానే ఈ పని చేసేవాడు, అందరికీ తెలిసిన మనిషి. జాన్సన్ కూడా ఉత్తరాదివాడే. బాల్టిమోర్ వైపు ఉన్నవాళ్ళ విషయంలోనే నోరు మెదపలేదు, పారిపోయే దారి అక్కడే కదా మొదలయ్యేది.

కానీ కొట్టినవాళ్ళ పేర్లు చూడండి, ఒక్కటీ దాచలేదు. కోవీ, హ్యూ ఆల్డ్, థామస్ ఆల్డ్, డెంబీ అనే బానిసని ఏట్లో నిలబెట్టి తుపాకీతో కాల్చిన మేస్త్రీ గోర్. దానికీ కారణముంది. ఇతని ఉపన్యాసం విన్నవాళ్ళు, ఇంత బాగా మాట్లాడేవాడు బానిసగా ఉండి ఉంటాడా, అబద్ధం అనేవాళ్ళు. కావాలంటే వెళ్ళి విచారించుకోండి అన్నట్టు పేర్లు పెట్టేశాడు. ఆ ప్రాంతంలో ఉండి వచ్చిన థాంప్సన్ అనే తెల్లవాడు పత్రికలో, ఇదంతా కల్పితం, ఆ ఫ్రెడరిక్ నాకు తెలుసు, చదువూ సంధ్యా లేని మామూలు కుర్రాడు, ఈ పుస్తకం వాడు రాయలేడు అని రాశాడు. డగ్లస్ ఆయనకి థాంక్స్ చెప్పాడు! నేను నిజంగా బానిసనేనని మేరీల్యాండ్ నుంచి సాక్ష్యం ఇచ్చినందుకు.

నీలిసిరా

కొట్లాట అన్న గారికి ఒక మాట. 'బానిస మనిషి అయ్యాడు' అన్నచోట ఇంగ్లిష్‌లో ఉన్నది 'మ్యాన్', మగవాడు అని కూడా. తెలుగులో 'మనిషి' అనేసరికి ఆ మెలిక పోయింది. ఆడమనిషి అయితే కోవీతో రెండు గంటలు కుస్తీ పట్టి గెలుస్తుందా? ఈ పుస్తకంలో ఆడవాళ్ళు ఎక్కడున్నారో సిరి ఒక్కసారి వెతకాలి. మొదటి చాప్టర్లోనే హెస్టర్ పిన్నిని దూలానికి కట్టి కొట్టడం. పన్నెండు మైళ్ళు రాత్రిపూట నడిచి వచ్చి బిడ్డ పక్కన కాసేపు పడుకుని, తెల్లారేలోపు పొలానికి తిరిగి పోయే తల్లి, అదీ నాలుగైదుసార్లే. ఆ తర్వాత పెళ్ళి దగ్గర అన్నా అని ఒక పేరు. ఆ అన్నా మర్రే ప్రయాణ ఖర్చు కోసం తన ఈకల పరుపు అమ్మిందని కూతురు రాస్తే తెలిసింది మనకి.

సిరీ, నీకు టైముంటే హారియెట్ జేకబ్స్ ఆత్మకథ పక్కన పెట్టుకుని చూడు, 1861లో వచ్చింది, లిండా బ్రెంట్ అని మారుపేరుతో. యజమాని వేధింపులు తట్టుకోలేక తప్పించుకుంది, తప్పించుకుని ఎక్కడికి పోయిందనుకున్నావు? అమ్మమ్మ ఇంటి కొట్టు గది పైనున్న అటక మీదకి. మన ఇళ్ళలో అటక తెలుసుగా, పాత ఇత్తడి సామానూ ఊరగాయ జాడీలూ పెట్టేది, తల ఎత్తితే తగిలేది. తొమ్మిది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు, ఎత్తైన చోట మూడే అడుగులు. వెలుతురు లేదు, నిలబడే వీల్లేదు. అందులో దాదాపు ఏడేళ్ళు. చీకట్లో తలకి ఏదో తగిలితే తడిమి చూసింది, ఎవరో వదిలేసిన బరమా. దాంతో గోడకి చిన్న కన్నాలు పెట్టుకుని వీధిలో తిరిగే తన పిల్లల్ని చూసుకునేది, వాళ్ళకి మాత్రం అమ్మ నెత్తిమీదే ఉందని తెలియదు. యజమాని తను ఉత్తరాదిలో ఉందనుకోవాలని ఉత్తరాలు రాసి న్యూయార్క్ నుంచి పోస్టు చేయించేది, అంతకుముందే ఆయన అక్కడికి పోయి వెతికి వచ్చాడు కూడా! 1842లోగానీ నిజంగా పడవ ఎక్కలేదు.

ఇది కల్పిత నవల అని చాలామంది పండితులు వందేళ్ళకు పైగా కొట్టిపారేశారు, 1980ల్లో జీన్ ఫేగన్ యెలిన్ అనే పరిశోధకురాలు ఉత్తరాలు, రికార్డులు తీసి అన్నీ నిజమేనని తేల్చేదాకా. అన్నీ ఒకే మూస అన్న మీ క్లాస్‌మేట్‌ని ఆ అటక మీద ఒక పూట కూర్చోబెట్టు.

లాస్ట్‌బెంచ్ సిరి

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. ఇప్పుడు సెమినార్ ఆ ఖాళీతోనే మొదలుపెడతా, ఎక్కడెక్కడ నోరు విప్పలేదో చూపించి, ఎవరి పేర్లు పెట్టాడో ఎవరివి దాచాడో పక్కపక్కన చెప్తా. నాకు ఇంకా బాగా గుర్తుండిపోయింది ఒకటుంది, చిన్నప్పుడు చలికి దుప్పటి లేక మొక్కజొన్నలు మోసే గోనెసంచిలో తల దూర్చి, పాదాలు బయటే ఉంచి పడుకునేవాడు కదా, ఆ పగుళ్ళలో ఇప్పుడు నేను రాస్తున్న కలం పట్టేది అంటాడు. అది చదివినప్పుడు నా పెన్ను చూసుకున్నా.

ఇంకో డౌట్. మా మేడమ్ 'లోకల్ కనెక్షన్' ఒకటి చెప్పమన్నారు. మా తాత చిన్నప్పుడు ఊళ్ళో ఒక ఇంట్లో జీతం ఉన్నాడు, వాళ్ళ నాన్న చేసిన అప్పుకి. దాన్ని బానిసత్వం అనొచ్చా? ఫోన్ చేసి అడిగా, ఎలా బయటపడ్డావు తాతా అని. ఎవరో డబ్బు సర్దారట. ఎవరు అంటే 'నీకెందుకే అవన్నీ, వాళ్ళ పిల్లలు ఊళ్ళోనే ఉన్నారు' అని ఫోన్ నానమ్మకి ఇచ్చేశాడు.

ఏడోతరగతి ఇంగ్లిష్ సారు

జీతగాడి బతుకు, వెట్టి, ఇవి బానిసత్వానికి దగ్గరి చుట్టాలేగానీ ఒకటే అనకండి, ప్రశ్నల టైములో పట్టుకుంటారు. ఎనిమిదో చాప్టర్లో యజమాని చచ్చాక ఆస్తి పంపకం ఉంది చూడండి, మనుషుల్ని, గుర్రాల్ని, గొర్రెల్ని, పందుల్ని ఒకే వరసలో నిలబెట్టి వెల కట్టారు. మీ ముత్తాత అప్పుకి తాత శ్రమ తాకట్టు పడింది, అక్కడ మనిషే సరుకు, పుట్టబోయే బిడ్డ కూడా. కలిసే చోటు కావాలంటే పదకొండో చాప్టర్లో శనివారం కూలి చూడండి. ఓడ చెక్కల సందులు పూడ్చే పనిలో వారానికి ఆరేడు డాలర్లు సంపాదించి అంతా హ్యూ ఆల్డ్ చేతిలో పోస్తే ఆయన 'ఇంతేనా' అని అడిగి, ఎప్పుడైనా బుద్ధి పుడితే ఆరు సెంట్లు ఇచ్చేవాడు. ఆ ఆరు సెంట్లు చూస్తే, మొత్తం నాదేనని ఆయనే ఒప్పుకున్నట్టు అనిపించేది అంటాడు డగ్లస్.

లింకు కావాలంటే జ్యోతిరావు ఫూలే ఉన్నాడు. 1873లో మరాఠీలో 'గులాంగిరీ' రాసి, నీగ్రో బానిసత్వం రద్దు చేసినందుకు అమెరికా ప్రజలకే అంకితమిచ్చాడు. అది చాలు.

తాత గారిని మళ్ళీ అడక్కండి.

నీలిసిరా

ఒక్క జాగ్రత్త సిరీ. ఎనిమిదో చాప్టర్లో అమ్మమ్మని ముసలితనంలో అడవిలో గుడిసె వేసి ఒంటరిగా వదిలేశారని ఉంటుంది, ఏడిపించే పేజీ, చాలామంది స్లయిడ్‌లో అదే పెడతారు. తర్వాత థామస్ ఆల్డ్ ఆమెని తన ఇంటికి తెచ్చి చూసుకుంటున్నాడని తెలిసి, 1849లో డగ్లస్ తనే బహిరంగ లేఖ రాసి ఆ మాట సరిదిద్దుకున్నాడు. పెడితే రెండూ పెట్టు.

లాస్ట్‌బెంచ్ సిరి

అయ్యో అక్కా, నా మూడో స్లయిడ్ అదే. ఇప్పుడే మారుస్తున్నా.